కొత్త బ్యాటరీ వేసినా కారు ఎందుకు లేవడం లేదు?

భీమునిపట్నం నుంచి నర్సీపట్నం పోయే బి.ఎన్. రోడ్డు చోడవరం దాటాక వడ్డాది మీదుగా రావికమతం వైపు సాగుతుంది. మాడుగుల, పాడేరు వెళ్లే బళ్లు కూడా వడ్డాది జంక్షన్లోనే మలుపు తిరుగుతాయి. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పుడు చాలా ఇళ్ల ముందు కారు కనిపిస్తుంది. అయితే అవన్నీ రోజూ తిరిగే కార్లు కావు. కొడుకు విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేస్తుంటాడు, కారు ఇంటి దగ్గర రేకుల షెడ్డులో ఉంటుంది. వారానికోసారి చోడవరం ఆసుపత్రికో బ్యాంకుకో తీస్తారు, పెళ్లిళ్ల రోజుల్లో అనకాపల్లి దాకా వెళ్తారు. తరచుగా జబ్బు చేసేది అలాంటి కారుకే. తాళం తిప్పితే టిక్కుటిక్కుమంటుంది, సెల్ఫ్ అందుకోదు. నలుగురూ తోస్తే లేస్తుంది. షాపులో ఛార్జింగు పెట్టిస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది. విసిగిపోయి కొత్త బ్యాటరీ వేయిస్తే నెలా వారం తిరిగేసరికి మళ్లీ అదే టిక్కుటిక్కు.

అప్పుడు ఇంట్లో అందరూ బ్యాటరీనే తిడతారు. పాతది పోతే తిట్టొచ్చు గానీ, కొత్తది కూడా అదే దారి పట్టిందంటే తప్పు చాలాసార్లు వేరేచోట ఉంటుంది. రెండో బ్యాటరీకి డబ్బు పెట్టకముందే ఆ చోటేదో కనిపెట్టవచ్చు. దానికి కావలసినవి ఒక మామూలు మల్టీమీటరు, పది నంబరు పానా, రెండు రాత్రుల ఓపిక. ముందు కాస్త లెక్క చూద్దాం.

చిన్న కార్లలో సాధారణంగా 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఉంటుంది. అంటే ఒక ఆంపియరు చొప్పున వాడుకుంటే 35 గంటలు ఇవ్వగల సరుకు. కారు తాళం వేసి వదిలేసినా అందులో కొన్ని పరికరాలు నిద్రపోవు. గడియారం, రిమోట్ తాళం కోసం చెవి ఒగ్గి కూర్చునే రిసీవరు, దొంగల అలారం, ఇంజను కంప్యూటరులోని జ్ఞాపకం, ఇవన్నీ కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ కలిపి 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే ఆరోగ్యమే అని మెకానిక్కుల లెక్క. 40 అనుకుందాం. వారానికి 168 గంటలు కాబట్టి ఏ లోపమూ లేని కారు కూడా వారం కదలకుండా ఉంటే 6.7 ఆంపియర్-అవర్లు పోగొట్టుకుంటుంది.

ఇప్పుడు రాబడి చూడండి. చోడవరం వెళ్లి రావడానికి ఇంజను మొత్తం 40 నిమిషాలు తిరిగిందనుకుందాం. ఏసీ, లైట్లు, ఫ్యాను వాడుకోగా బ్యాటరీలోకి సగటున పది ఆంపియర్లు వెళ్లాయనుకుంటే చేరింది మళ్లీ అదే 6.7. అంటే ఖర్చుకీ రాబడికీ సరిగ్గా సరి. లోపలికి వెళ్లిన ఛార్జిలో కొంత దారిలోనే వేడిగా పోతుంది కాబట్టి నిజానికి లోటే. ఈ స్థితిలో ఎవరో ఒక జీపీఎస్ ట్రాకరు పెట్టించారు. అది తాగేది 20 మిల్లీఆంపియర్లే అయినా వారానికి 3.4 ఆంపియర్-అవర్లు అదనంగా పోతాయి. అయిదు వారాలు గడిచేసరికి బ్యాటరీ సగం ఖాళీ. బ్యాటరీ ఖాళీ అయ్యేకొద్దీ ఛార్జిని కాస్త ఎక్కువగానే పుచ్చుకుంటుంది కాబట్టి లెక్క కాగితం మీద ఉన్నంత సూటిగా నడవదు. కానీ పోయే దిక్కు మాత్రం అదే. నెలా వారానికోసారి కారు ఎందుకు మొరాయిస్తోందో ఇక్కడే సగం అర్థమవుతుంది.

చాలామంది అనుకునేది వేరు. స్టార్టు చేసేటప్పుడే బ్యాటరీ అంతా అయిపోతుందని, అందుకే దగ్గర ప్రయాణాలు దెబ్బతీస్తాయని చెబుతుంటారు. స్టార్టరు మోటారు చిన్న పెట్రోలు ఇంజనుకు 150 ఆంపియర్ల దాకా లాగే మాట నిజమే. కానీ లాగేది రెండు సెకన్లు. మొత్తం ఆంపియర్-అవరులో పన్నెండో వంతు. పది ఆంపియర్ల చొప్పున నింపితే అర నిమిషంలో తిరిగి వచ్చేస్తుంది. బ్యాటరీని తినేది ఆ రెండు సెకన్ల ఉరుము కన్నా, రాత్రింబవళ్లు ఆగకుండా సాగే సన్నధార.

ఈ బ్యాటరీ పెట్టె లోపల జరిగే రసాయనం 1859 నాటిది. ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే సీసపు రేకులు గంధకామ్లంలో ముంచి, మళ్లీ మళ్లీ ఛార్జి చేసుకోగల మొదటి బ్యాటరీ తయారు చేశాడు. 1881లో కమిల్ ఫోర్ రేకుకి సీసపు ఆక్సైడు ముద్ద పూయడంతో అది ఎక్కువ కరెంటు దాచుకోగలిగింది. కార్లలో మొదట్లో ఇంజనును చేత్తో హ్యాండిల్ తిప్పి లేపేవారు. అది వెనక్కి తన్ని చేతులు విరిగేవి. 1912లో క్యాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు అమర్చాక బ్యాటరీ కారులో తప్పనిసరి అయింది. మన నేల మీద కూడా ఈ పరిశ్రమ వేళ్లూనింది. గల్లా రామచంద్ర నాయుడు 1985లో తిరుపతిలో స్థాపించిన అమర రాజా కంపెనీ అమరాన్ పేరుతో అమ్మే కారు బ్యాటరీలు నేడు ఊరూరా దొరుకుతాయి. వడ్డాదికి అంత దూరం కాని విజయనగరం జిల్లాలో హెచ్‌బీఎల్ సంస్థ పారిశ్రామిక బ్యాటరీలు చేస్తోంది.

పెట్టెలో ఆరు గదులుంటాయి. ఒక్కో గది సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది, ఆరూ కలిస్తే 12.6. ప్రతి గదిలో సీసపు రేకులు, సీసపు డయాక్సైడు రేకులు ఒకదాని పక్కన ఒకటి, మధ్య గంధకామ్లం. కరెంటు ఇస్తున్నప్పుడు ఆమ్లంలోని సల్ఫేటు వెళ్లి రెండు రకాల రేకుల మీదా సీసపు సల్ఫేటుగా కూర్చుంటుంది, ఆమ్లం పలచబడుతుంది. ఛార్జి చేస్తే ఆ సల్ఫేటు కరిగి మళ్లీ ఆమ్లంలో కలుస్తుంది.

ఇక్కడ ఒక వింత చెప్పకుండా ముందుకు పోలేను. సీసం పరమాణు సంఖ్య 82. అంత బరువైన కేంద్రకం చుట్టూ లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో తిరుగుతాయి. ఐన్‌స్టీన్ సాపేక్షతను లెక్కలోకి తీసుకోకపోతే గదికి రావలసిన 2.1 వోల్టుల్లో దాదాపు 1.7 కనబడకుండా పోతాయని 2011లో కొందరు శాస్త్రవేత్తలు ఫిజికల్ రివ్యూ లెటర్స్ పత్రికలో లెక్కకట్టి చూపించారు. తగరం కూడా సీసం కుటుంబానిదే, అయినా తగరంతో ఇలాంటి బ్యాటరీ చేయలేకపోవడానికి కారణం ఇదే. చోడవరం సంతకు బయలుదేరిన పాత కారు సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ సాపేక్ష సిద్ధాంతం పనిచేస్తూనే ఉంది.

జబ్బు మొదలయ్యేది ఆ సల్ఫేటు దగ్గర. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తని పొడిలా ఉంటుంది, ఛార్జి పెడితే సులువుగా పోతుంది. సగం ఖాళీ బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొడి గడ్డకట్టి పెద్ద స్ఫటికాలవుతుంది. నీళ్లలో పంచదార ఇట్టే కరుగుతుంది, పటికబెల్లం ముక్క అంత త్వరగా కరగదు కదా, ఇదీ అంతే. గట్టిపడిన మేర రేకు ఇక పనికిరాదు. 35 అని రాసి ఉన్న బ్యాటరీ 20కి, ఆపైన పదికి కుంచించుకుపోతుంది. అందుకే మొదటిసారి దిగిపోయినప్పుడు కారణం వెతక్కుండా తోసి నడుపుకుంటూ పోతే, లీకు చివరికి దొరికినా బ్యాటరీ అప్పటికే పాడైపోయి ఉంటుంది. రెండు తప్పులు కలిసిపోయి ఏది ముందో తెలియకుండా పోతుంది.

దీనికి తోడు మన ఎండ. చలిదేశాల్లో రాసిన సలహాలన్నీ చలికాలం గురించే మాట్లాడతాయి, ఎందుకంటే అక్కడ మంచులో బ్యాటరీ శక్తి తగ్గి, ఇంజను ఆయిలు చిక్కబడి, కారు లేవదు. మనకు శత్రువు వేడి. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే లోపలి రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుంది. రేకుల జాలీ తుప్పు పట్టడం, నీరు ఆవిరవడం, వాడకున్నా తనంతట తాను ఛార్జి కోల్పోవడం, అన్నీ ఆ లెక్కనే పెరుగుతాయి. 25 డిగ్రీల దగ్గర ఆరేళ్లు బతకవలసిన బ్యాటరీ 35 దగ్గర మూడేళ్లకే ముసలిదవుతుందని ఒక స్థూల సూత్రం. మేలో బానెట్ కింద వేడి బయటి గాలి కన్నా ఎంతో ఎక్కువ. విచిత్రం ఏమిటంటే దెబ్బ వైశాఖంలో తగులుతుంది, బయటపడేది ధనుర్మాసంలో. తెల్లవారుజామున చల్లబడిన ఇంజనును తిప్పడానికి కాస్త ఎక్కువ బలం కావాలి, ఎండాకాలంలో చితికిన బ్యాటరీ దగ్గర ఆ బలం ఉండదు. సంక్రాంతికి ఊరొచ్చినవాళ్లు కారు తీయబోతే లేవకపోవడం కేవలం దురదృష్టం కాదు.

సరే, పరీక్ష ఎలా చేయాలి? నేను అందరికీ చెప్పేది రాత్రి పరీక్ష. బ్యాటరీని ముందు షాపులో పూర్తిగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు ఊరకే వదిలేసి, మల్టీమీటరుతో వోల్టేజి చూడండి. ఛార్జి పెట్టిన వెంటనే చూస్తే పైపై వోల్టేజి వల్ల 13 దాకా చూపించి మోసం చేస్తుంది. 12.6 అయితే నిండుగా ఉంది. 12.4 అయితే ముప్పాతిక, 12.2 సగం, 12 అయితే పాతిక వంతే. ఇప్పుడు నెగటివ్ తీగ విప్పేసి రాత్రంతా వదిలేయండి, పొద్దున మళ్లీ చూడండి. మర్నాడు అదే పని నెగటివ్ తీగ బిగించి ఉంచి చేయండి. తీగ విప్పినప్పుడు కూడా వోల్టేజి జారిపోయిందంటే బ్యాటరీయే లోపల చెడింది. విప్పినప్పుడు నిలబడి, బిగించినప్పుడు జారిందంటే కారులో ఎక్కడో లీకు ఉంది. రెండుసార్లూ నిలబడితే అసలు గొడవ నిలిపి ఉంచడంలో లేదు, నింపడంలో ఉంది. ఒక్క పానాతో మూడు అనుమానాలు విడిపోతాయి. బ్యాటరీ అమ్మే షాపులో ఈ పరీక్ష ఎవరూ చేయరు, ఎందుకంటే దానికి రెండు రాత్రులు పడుతుంది, గిరాకీ అంతసేపు ఆగడు.

నింపడంలో అనుమానం ఉంటే ఇంజను స్టార్టు చేసి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర వోల్టేజి చూడాలి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసినా 13.5 కిందకి పడకూడదు. పడిపోతుంటే ముందు బెల్టు చూడండి, జారుతోందేమో. ఆ తర్వాతే ఆల్టర్నేటరు విప్పించాలి. 15 దాటితే రెగ్యులేటరు పోయినట్టు. బ్యాటరీలో నీరు ఉడికిపోయి రేకులు బయటపడతాయి. కొత్త మోడళ్లలో ఒక మెలిక ఉంది. ఇంధనం ఆదా కోసం కంప్యూటరే ఆల్టర్నేటరును అప్పుడప్పుడు తగ్గిస్తుంది, అప్పుడు 12.8 చూపించినా లోపం కాదు. కాసేపు నడిపి, లైట్లు వేసి మళ్లీ చూడాలి.

ఆల్టర్నేటరు బాగానే ఉన్నా కరెంటు బ్యాటరీ దాకా చేరకపోవచ్చు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూసే పొడిని అందరం చూశాం. దాన్ని వేడినీళ్లతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాజలీన్ రాస్తే ఎన్నో కార్లు ఆ పూటకి బాగైపోతాయి. కనబడనిది ఇంకోటి ఉంది, బాడీ ఎర్త్ తీగ. ఒక మనిషి సెల్ఫ్ కొడుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజను ఇనుము మీద పెట్టండి. అర వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఆ తీగలో అడ్డు ఉంది. ఇలాంటి కారుకి బ్యాటరీ ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు. గతుకుల రోడ్ల మీద తిరిగే బళ్లలో బ్యాటరీని పట్టి ఉంచే క్లాంపు వదులై, పెట్టె ఎగిరెగిరి పడి, రేకుల మీది ముద్ద రాలిపోవడం కూడా మామూలే. క్లాంపు నట్టు బిగించడానికి నిమిషం పట్టదు.

లీకు వెతకడమే అన్నిటికన్నా ఓపిక పని, నాకు ఇష్టమైన పని కూడా. నెగటివ్ తీగ విప్పి, తీగకీ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును ఆంపియర్ల మీద, పది ఆంపియర్ల రంధ్రంలో వైరు పెట్టి కలపాలి. అలా కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు మాడిపోతుంది. తలుపులు మూసి, తాళం వేసి, రిమోట్ దూరంగా పెట్టి ఎదురుచూడాలి. మొదట్లో ఒకటి రెండు ఆంపియర్లు చూపిస్తుంది. భయపడనక్కర్లేదు, కారులోని కంప్యూటర్లు ఒక్కొక్కటే నిద్రలోకి జారడానికి అరగంట, కొన్ని కార్లలో గంట పడుతుంది. ఆ తర్వాత కూడా 50 మిల్లీఆంపియర్ల పైన నిలబడితే లీకు ఉన్నట్టే. అప్పుడు ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో చూడాలి. అయితే ఫ్యూజు తీసి పెట్టినప్పుడల్లా నిద్రపోయిన కంప్యూటరు లేచి కూర్చుంటుంది, లెక్క గందరగోళమవుతుంది. అనుభవం ఉన్న ఎలక్ట్రీషియన్లు అందుకే ఫ్యూజు తీయరు. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి, వాటి మధ్య మిల్లీవోల్టులు కొలుస్తారు. కరెంటు పారని ఫ్యూజులో సున్నా, పారుతున్న దానిలో ఏదో ఒక అంకె. దొంగ అక్కడే పట్టుబడతాడు.

ఎక్కువగా దొరికే దొంగలు కంపెనీ వాళ్లు పెట్టినవి కావు. బయట అమర్చిన మ్యూజిక్ సిస్టం, యాంప్లిఫయరు, డాష్ కెమెరా, ట్రాకరు. తాళం తీస్తే ఆగిపోయే తీగకు కలపవలసింది, నేరుగా బ్యాటరీకి కలిపేస్తారు. ఆ తర్వాత మూయని డిక్కీలో వెలిగే బల్బు, అతుక్కుపోయిన రిలే. చెరకు తోటల పక్క ఊళ్లలో ఎలుకలు బానెట్ కింద గూడు పెట్టి వైర్లు కొరకడం కొత్తేం కాదు. ఫ్యూజులన్నీ తీసినా లీకు ఆగకపోతే ఆల్టర్నేటరును అనుమానించాలి. దానిలోని డయోడు షార్టయితే కరెంటు వెనక్కి పారుతుంది. రాత్రంతా ఆగి ఉన్న కారులో పొద్దున్నే ఆల్టర్నేటరు మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఇంజనంతా చల్లగా ఉండి అదొక్కటే వెచ్చగా ఉంటే వేరే పరీక్ష అక్కర్లేదు.

ఇక బ్యాటరీయే దోషి అయిన సందర్భం. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో గ్రావిటీ, అంటే ఆమ్లం సాంద్రత, చూస్తారు. నిండు ఛార్జిలో 1.24 నుంచి 1.28 వరకు ఉంటుంది. మన వేడికి తగ్గట్టు తక్కువ గాఢత ఆమ్లం నింపుతారు. ఆరు గదుల్లో అయిదు ఒకలా ఉండి ఒకటి మాత్రం బాగా తక్కువ చూపిస్తే ఆ గది పోయింది, ఎంత ఛార్జి పెట్టినా రాదు. మూతల్లేని రకమైతే లోడ్ టెస్టరు మీద పెట్టించాలి. అది లేకపోతే సెల్ఫ్ కొడుతుండగా వోల్టేజి చూడండి. 9.6 కిందకి పడిపోతే, అంతకుముందు ఛార్జి నిండుగా ఉంటే, దానికి ఆయుష్షు తీరినట్టే. నీరు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు రేకులకు విషం. యాసిడ్ కలపడం అంతకన్నా చేటు.

రెండు జాగ్రత్తలు గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, ఆగిపోకపోతే ఆల్టర్నేటరు బాగున్నట్టు అని తేల్చే పాత అలవాటు ఇంకా కొందరిలో ఉంది. డైనమోల కాలంలో అది చెల్లింది. ఇప్పుడు అలా పీకిన క్షణంలో వోల్టేజి కొన్ని పదుల వోల్టులకు ఎగిరి ఇంజను కంప్యూటరును కాల్చేయగలదు. ఆ కంప్యూటరు ఖరీదుకు ఎన్నో బ్యాటరీలు వస్తాయి. రెండోది, ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖరున. ఇంకో బండి నుంచి జంపర్ వేస్తే చివరి క్లిప్పు చచ్చిన బ్యాటరీకి కాక దూరంగా ఇంజను ఇనుముకి పెట్టాలి.

లోపమేమీ దొరకలేదు, కారు కదలకపోవడమే జబ్బు అని తేలితే ఏం చేయాలి? షెడ్డులో పది నిమిషాలు ఇంజను ఊరకే తిప్పి ఆపేయడం చాలామంది చేసేది. ఐడిల్‌లో ఆల్టర్నేటరు ఇచ్చేది తక్కువ. పైగా సీసపు బ్యాటరీ చివరి అయిదో వంతు నిండడానికి గంటలు తీసుకుంటుంది, ఎంత పెద్ద ఆల్టర్నేటరైనా దాన్ని తొందరపెట్టలేదు. దానికన్నా తనంతట తాను ఆగిపోయే చిన్న ఛార్జరు ఒకటి కొని నెలకోసారి రాత్రంతా పెట్టడం మేలు. అదీ కుదరకపోతే, కొడుకు సెలవు అయిపోయి వెళ్లే రోజున నెగటివ్ తీగ విప్పి పక్కన పెట్టమనండి. మళ్లీ బిగించాక గడియారం సరిచేసుకోవాలి, కొన్ని మోడళ్లలో అద్దాలు ఒక్కసారి పూర్తిగా పైకీ కిందికీ నడిపించాలి, స్టీరియో కోడు అడిగితే ఆ కాగితం కారు పుస్తకంలోనే ఉంటుంది.